ఓవర్‌కోటు కుడిచెయ్యి

రెజిమెంటల్ బజారులో పాలు పోసే వీరయ్య రోసమ్మ గుమ్మం ముందుకు రాగానే, ఎవరూ అడగకుండానే కొలత గిన్నెను బోర్లించి చూపించేవాడు. అడుగున నీళ్ళు లేవని సాక్ష్యం. అయినా రోసమ్మ పాలల్లో వేలు ముంచి, గోటి మీద చుక్క వేసుకుని, జారుతుందా నిలుస్తుందా అని చూసిగానీ తన గిన్నె పట్టేది కాదు. చాకలికి బట్టలు వేసేటప్పుడు రెండుసార్లు లెక్క, తిరిగి తెచ్చినప్పుడు మూడుసార్లు లెక్క. ఆస్పత్రిలో పదహారేళ్ళుగా నర్సు పని. మందు సీసా మీద చీటీ చదివి, మూత తీసి వాసన చూసి, అప్పుడుగానీ చెంచాలో పోయదు. ఆ అలవాటు వల్ల ఇద్దరు ముగ్గురు రోగులు బతికి బయటపడ్డారని డాక్టర్లే చెప్పేవారు. ఇంకేం, ఆ మనిషికి పట్టపగ్గాలుంటాయా? బజారులో ఉన్న అందరి మూతలూ తీసి వాసన చూడడం మొదలుపెట్టింది.

అలాంటి మనిషి మీదికి నలభై ఎనిమిదో సంవత్సరం వచ్చి పడింది. ఆ ఏడాది అనుమానం లేనివాళ్ళకే కంటి మీద కునుకు లేదు. వేసవంతా రజాకార్ల కవాతులు. సెప్టెంబరులో యూనియన్ ఫౌజులు వచ్చాయి. అయిదు రోజుల్లో నిజాం సైన్యం చేతులెత్తేసింది. కవాతు చేసినవాళ్ళు ఖాకీ బట్టలు బావుల్లో పారేసి ఎటువాళ్ళు అటు మాయమయ్యారు. మిగిలిన జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, నిన్నటిదాకా వీడు ఎవరి పక్కన నిలబడ్డాడబ్బా అని లోలోపల ఆరా తీసుకోవడం షురూ చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రోసమ్మ చెల్లెలు దేవకృప సముద్రం దాటాల్సి వచ్చింది. అక్క కంటే పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మానాన్నలు పోయాక రోసమ్మే తన పెళ్ళి మాట ఎత్తకుండా పెంచి, చదివించి, మిషన్ బడిలో టీచరును చేసింది. ఆ మిషన్ వాళ్ళే ఒక్క ఏడాది చదువుకు ఎడింబరో విశ్వవిద్యాలయంలో సీటూ, ఓడ టికెట్టూ ఇప్పించారు. చదువు మొదలయ్యే తేదీ ఈ గొడవల్లో దాటిపోయింది. ఆలస్యంగా వచ్చినా చేర్చుకుంటాం, నవంబరు ఒకటి దాటితే మాత్రం సీటు ఉండదు అని అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. అక్టోబరు ఎనిమిదిన బొంబాయిలో ఓడ. ఆ ఓడ అందాలంటే మంగళవారం, అయిదో తారీఖు సాయంత్రం ఏడింటికి సికింద్రాబాదులో బొంబాయి బండి ఎక్కాలి. అది తప్పితే చదువూ లేదు, సీటూ లేదు. రోసమ్మ ఇరవై ఏళ్ళ కష్టం ప్లాట్‌ఫారం మీదే ఆగిపోతుంది.

బండి ఎక్కడం కూడా అంత తేలిక కాదు. స్టేషన్లో సిపాయిలు ప్రతి పెట్టే తెరిపించి చూస్తున్నారు. వెనక వీధి కాంపౌండరు పెట్టెలో అడుగున ఎప్పటిదో ఒక ఖాకీ టోపీ దొరికిందట. అతణ్ణి పక్కన నిలబెట్టి నాలుగు గంటలు ప్రశ్నలు అడిగారు. అతని పెట్టె ప్లాట్‌ఫారం మీద ఉండగానే బండి వెళ్ళిపోయింది. ఆ కథ విన్న దగ్గర్నుంచి రోసమ్మ దేవకృప ట్రంకు పెట్టెను రోజుకొకసారి ఖాళీ చేసి మళ్ళీ సర్దేది.

"అక్కా, మళ్ళ తీసినవా?" అని దేవకృప తల పట్టుకునేది.

"తియ్యకుంటె ఎట్ల? ఆ పుస్తకంల కాయితం ఏందీ? ఎవరిచ్చిండ్రు?"

"గది నా టీకా కాయితం. నువ్వే వేయించినవ్ గదా!"

బడి నడిపే ఎమిలీ దొరసాని ఒక జాబితా రాసిచ్చింది. ఉన్ని మేజోళ్ళు ఆరు జతలు, చేతి తొడుగులు, గొడుగు, వేడినీళ్ళ రబ్బరు సంచీ, బరువైన ఓవర్‌కోటు ఒకటి. చివర్న "ఊరగాయలు వద్దు" అని రాసి కింద రెండు గీతలు గీసింది. ఊరగాయ ఎందుకు వద్దంటోంది, తను తినడానికి దాచుకుందామనా అని రోసమ్మకు దాని మీద కూడా అనుమానమే. మామిడికాయ పచ్చడి జాడీ మూతికి మైనం పోసి, మేజోళ్ళ మధ్య దూర్చింది.

అన్నీ దొరికాయి గానీ ఓవర్‌కోటు దగ్గరే వచ్చింది తంటా. కొత్తది కొనే తాహతు లేదు. యుద్ధం అయిపోయాక బొల్లారంలో వేలం వేసిన సిపాయి కోట్లలో ఒకటి పక్కింటి దర్జీ అల్లాఉద్దీన్ దగ్గర ఉంది. "గది ఇప్పి, చిన్నగ చేసి, రంగేసి కుడత. పిల్లకు చలి సుత తగలది, నువ్వు పరేషాన్ గాకు చెల్లె," అన్నాడాయన. రోసమ్మ సరేనంది. అప్పటికింకా వేసవికాలం. ఇంట్లో ఖాకీ గుడ్డ దొరికితే పట్టుకుపోయే రోజులు రాలేదు.

అల్లాఉద్దీన్‌కూ రోసమ్మకూ మధ్య ఒక్కటే గోడ, రెండిళ్ళకూ కలిపి ఒక్కటే అరుగు. ఆయన కుట్టు మిషన్ ఆ అరుగు మీదే, రేకు కింద ఉంటుంది. తెల్లదొరల కాలం నుంచి బొల్లారం ఫౌజుకు కుట్టిన చెయ్యి. దేవకృప మొదటి బడి గౌను నుంచి రోసమ్మ నర్సు యూనిఫారం దాకా అన్నీ ఆయన కుట్టినవే. ఆయన రోసమ్మను చెల్లె అంటే, రోసమ్మ ఆయన్ని భాయ్ అనేది. ఆయన భార్య సర్దార్ బీ రంజాన్ నెలలో హలీమ్ పంపితే, క్రిస్మస్‌కు ఇటు నుంచి కేకు వెళ్ళేది. మరి అంత దగ్గరివాళ్ళ మీద అనుమానం ఎందుకొచ్చిందయ్యా అంటే, వాళ్ళ కొడుకు షంషీర్ వల్ల.

షంషీర్‌కు ఇరవై ఏళ్ళు. ఎవరు ఎక్కించారోగానీ వేసవిలో రెండు నెలలు ఖాకీ తొడుక్కుని కవాతుకు పోయాడు. తండ్రి కొట్టాడు, తల్లి ఏడ్చింది, వాడు వినలేదు. ఫౌజులు ఊళ్ళోకి వచ్చిన శనివారం తెల్లవారుజామున వాడు చేతిసంచీతో ఇల్లు దాటడం రోసమ్మ కిటికీలోంచి కళ్ళారా చూసింది. నాలుగడుగులు వేసినవాడు మళ్ళీ వెనక్కి వచ్చి, మసక చీకట్లో మిషన్ మీదికి వంగి ఏదో చేసి, అప్పుడు పోయాడు. ఏదో దాచాడు అనుకుంది రోసమ్మ. తెల్లారాక ఆ వంకా ఈ వంకా పెట్టి, తడిగుడ్డ కప్పిన మిషన్ చుట్టూ తిరిగింది. ఏమీ కనిపించలేదు. కనిపించలేదంటే గట్టిగా దాచాడన్నమాట అని తీర్పు చెప్పుకుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

తర్వాత పదిహేను రోజులూ అల్లాఉద్దీన్ ఏం చేసినా ఆమెకు వంకరగానే కనిపించింది. కోటుకు నీలిరంగు వేయడానికి కాగు పొయ్యి మీద పెట్టి మూడు రోజులు ఉడికించాడు. ఖాకీ ఛాయ పోవాలి కదమ్మా, స్టేషన్లో సిపాయిలు చూస్తే తక్లీఫ్ అన్నాడు. అన్న మాట సబబే. కానీ ఈయనకు స్టేషన్ సంగతులు ఇంత ఎలా తెలుసు? కొలతలకు దేవకృపను పిలిచి కుడిచెయ్యి ఒక్కటే రెండుసార్లు కొలిచాడు, అదీ భుజానికీ మోచేతికీ మధ్య. ఎడమచెయ్యి ఎందుకు కొలవలేదు? ఇక ఆ ప్రశ్నలు ఉన్నాయి చూశారూ, అవి రోసమ్మను కుదురుగా కూర్చోనివ్వలేదు.

"చెల్లె, బండి ఏడింటికేనా?"

"ఏడింటికే. నిన్ననే చెప్పిన గదా భాయ్."

"సరిగ్గ ఏడింటికా? జెర అటిటు అయితదా?"

"నాకేం ఎరుక? రైలు నాదా?"

"గదే... పెట్టె ఎవలు ఇప్పుతరు? కోటు పెట్టెల పెడ్తవా, పిల్ల తొడుక్కుంటదా? బొంబాయిల ఎవలన్న కలుస్తరా పిల్లను?"

బొంబాయి మాట రోసమ్మ పట్టుకుంది. షంషీర్ బొంబాయి పారిపోయాడని బజారంతా గుసగుస. ఓహో, ఇదా సంగతి అనుకుంది. "నువ్వు గివన్ని ఎందుకు అడుగుతున్నవ్ భాయ్?" అని మొహం మీదే అడిగేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన తడబడి, "ఏం లేదమ్మా, ఊకెనే," అంటూ సూదిలోకి దారం ఎక్కించుకోవడంలో పడ్డాడు. ఎక్కించాల్సిన దారం అప్పటికే సూదిలో ఉంది. రోసమ్మ అదీ చూసింది.

ఆదివారం ఇస్తానన్న కోటు సోమవారం పొద్దున వచ్చింది. సర్దార్ బీ మడత పెట్టి తెచ్చి, రోసమ్మ చేతిలో పెట్టకుండా నేరుగా ట్రంకు పెట్టె మీద పెట్టి, "గిట్లనే పెట్టెల పెట్టు వదినె, మడత చెడగొట్టకు," అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. దేవకృప పర్మిట్ కాగితం కోసం ఆఫీసుకు పోయి ఉంది. ఇంట్లో రోసమ్మ ఒక్కతే. మడత చెడగొట్టకు అని రోసమ్మతో అనడమంటే, పిల్లిని పాలకుండ దగ్గర కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనడమే. సర్దార్ బీ గడప దాటిందో లేదో, కోటు విప్పి మంచం మీద పరిచింది.

కుట్టు మాత్రం ఎంత బాగుందో! సిపాయి కోటు అని ఎవరూ పోల్చుకోలేరు. ముదురు నీలం, లోపల మెత్తటి అస్తరు గుడ్డ, కాలరుకు కనిపించని కుట్టు. రోసమ్మ జేబులు వెతికింది. అంచులు తడిమింది. ఎడమచెయ్యి తడిమింది. కుడిచెయ్యి తడుముతుంటే, మోచేతికి పైన, అస్తరు లోపల వేలికి గట్టిగా ఏదో తగిలింది.

నొక్కింది. గుండ్రంగా ఉంది. చుట్టూ గుడ్డ మడత. గుడ్డ కావచ్చు, కాగితం కావచ్చు. కాగితమైతే చీటీ. చీటీ ఎవరికి? ఇంకెవరికి, బొంబాయిలో దాక్కున్నవాడికి! సిపాయి చేతికి ఇది తగిలితే? పిల్లను పక్కన నిలబెడతారు. బండి పోతుంది, ఓడ పోతుంది. రజాకారు చీటీలు మోసిన మనిషి అని పేరు పడితే బడి ఉద్యోగం కూడా పోతుంది. ఇరవై ఏళ్ళు భాయ్ భాయ్ అని పిలిచిన మనిషి నా పిల్ల చేతికి పాము చుట్టాడే అనుకుంది.

అక్కడే కత్తెర తీసి విప్పి చూస్తే సరిపోయేది కదా అని మీరంటారు. నిజమే. కానీ అనుమానం ముదిరినవాళ్ళకు ముందు సొంత జాగ్రత్త గుర్తొస్తుంది. విప్పితే పక్కింటికి తెలుస్తుంది, రేపు స్టేషన్‌కు వచ్చి ఇంకో ఎత్తు వేస్తారు. ముందు ఆయన్ని రేపు సాయంత్రం దాకా కదలకుండా చేయాలి, ఆ తర్వాత తీరిగ్గా విప్పుకోవచ్చు అని ఆమె లెక్క. కోటును పరుపు కింద పెట్టి, ఇంటికి తాళం వేసి, మార్కెట్ దగ్గర పోలీసు చౌకీకి నడిచింది.

చౌకీ జమేదారు భార్యకు పురుడు పోసింది రోసమ్మే. అతను లేచి కుర్చీ వేశాడు. కోటు మాట ఆమె ఎత్తలేదు, ఎత్తితే పిల్ల పేరు వస్తుంది. కొడుకు ఖాకీ తొడిగిన సంగతి, శనివారం అయిదింటికి సంచీతో పోయిన సంగతి, పోతూ పోతూ మిషన్ దగ్గర ఏదో దాచిన సంగతి చెప్పింది. "తండ్రికి అన్ని ఎరుకే ఉంటయి. రెండు రోజులు ఈడ కూసోబెట్టి అడుగుండ్రి, గంతే. కొట్టకుండ్రి," అంది. జమేదారు నవ్వి, "మేం చూసుకుంటం లే సిస్టర్," అన్నాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. కానీ నోరు దాటిన మాటను ఎవరు వెనక్కి తెస్తారు?

ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టి, ఆస్పత్రి కత్తెరతో కుడిచెయ్యి అస్తరు కుట్లు ఒక్కొక్కటే తెంపింది. లోపల ఆకుపచ్చ గుడ్డ పొట్లం. విప్పింది. చీటీ లేదు, అక్షరం ముక్క లేదు. నిజాం సర్కారు హాలీ వెండి రూపాయి ఒకటి, తోమి తోమి మెరుగు తెచ్చినది.

దాన్ని చూస్తూనే రోసమ్మ ఎడమచెయ్యి దానంతటది కుడిభుజం కిందికి పోయింది. ఇరవై ఏళ్ళ కిందట నర్సు చదువుకు మద్రాసు బయల్దేరిన రోజు. ఇదే అరుగు మీద అల్లాఉద్దీన్ తల్లి అక్బర్ బీ ఆమెను నిలబెట్టి, ఇలాంటి ఆకుపచ్చ గుడ్డలో ఇలాంటి రూపాయే చుట్టి, ఇదే చోట కట్టింది. ఇమామ్ జామిన్ అంటారు దాన్ని. ప్రయాణం పోయేవాళ్ళ కుడిచేతికి ఇంటి పెద్దలు కడతారు. క్షేమంగా చేరాక ఆ రూపాయి ఎవరైనా పేదవాళ్ళకు ఇచ్చేయాలి. మద్రాసు స్టేషన్ మెట్ల మీద కూర్చున్న గుడ్డి ముసలమ్మ చేతిలో రోసమ్మ ఆ రూపాయి పెట్టింది. ఆ ముసలమ్మ మొహం కూడా ఇప్పుడు కళ్ళ ముందుకు వచ్చింది. "ప్రభువా, నేనేం చేస్తి!" అని రోసమ్మ నెత్తి కొట్టుకుంది.

దేవకృప తలుపు తట్టింది. గడియ తీయగానే లోపలికి వచ్చి, తెగిన దారాలూ రూపాయీ చూసింది.

"ఇప్పితివా అక్కా?"

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే. చాచా నన్ను అడిగే పెట్టిండు. ఆకుపచ్చ గుడ్డ చేతికి కట్టుకోని స్టేషన్‌కు పోతే సిపాయిలు ఏమనుకుంటరో, నాకేమన్న అయితదని భయపడి లోపట కుట్టిండు. కోటు తొడుక్కుంటె సరిగ్గ కట్టే జాగలనే వస్తదని రెండుమార్లు కొలిచిండు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీకెవరు చెప్తరక్కా? చెప్తే వద్దంటవ్, లేకుంటె సవాలక్ష అడుగుతవ్. నీకు తెల్వకుండ చేసుడు మాకందరికి అలవాటైంది," అంది దేవకృప. గొంతులో కోపం లేదు. ఉన్న మాట చెప్పింది, అంతే. రోసమ్మకు అది చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

అప్పుడే అరుగు మీద కేక. సర్దార్ బీ కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చి రోసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "వదినె, మీ భాయ్‌ని పట్టుకపోయిండ్రు! మిషన్ కింద పడేసిండ్రు, సొరుగులు గుంజిండ్రు, ఏం దాచినవ్ ఏం దాచినవ్ అని అడిగిండ్రు. ఆ జమేదారుకు నువ్వంటె మర్యాద గదా. జెర నువ్వొచ్చి చెప్పమ్మా, నీ మాట ఇంటడు!" రోసమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా చౌకీకి పరిగెత్తింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం! జమేదారు ఈసారి కుర్చీ వేయలేదు. "పొద్దున ఒక మాట, మాపటికి ఒక మాటనా సిస్టర్? ఒకసారి లోపటికి వస్తే మా పద్ధతి మాకుంటది," అన్నాడు. ఆమె తప్పు చూశానంది, పొరపాటు పడ్డానంది, కాళ్ళు పట్టుకోబోయింది. అతని పిల్లాడు పుట్టిన రోజు గుర్తు చేసింది. చివరికి, "పొద్దున ఇడుస్తం, పో," అన్నాడు. లోపలి గదిలోంచి ఎవరో మూలిగారు. అది అల్లాఉద్దీన్ గొంతు అవునో కాదో తేల్చుకునే ధైర్యం, జీవితంలో మొదటిసారి, ఆమెకు లేకపోయింది.

మంగళవారం పదింటికి ఆయన్ని వదిలారు. మధ్యాహ్నం రెండింటికి ఆయనే రోసమ్మ గుమ్మంలోకి వచ్చాడు. కుడిచేతి వేళ్ళు నాలుగూ వాచి నల్లబడ్డాయి. నర్సు కళ్ళకు ఒక్క చూపు చాలు, రెండు వేళ్ళు విరిగాయి. ఎడమచేతిలో, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా, దారపు ఉండ.

"కోటు తే. ఇప్పి ఉన్నదంట, పిల్ల చెప్పింది."

"భాయ్, ముందు చెయ్యి చూపియ్యి. కట్టు కడత."

"ముందు కోటు. ఏడింటికి బండి."

రోసమ్మ ఆయన ముందు కింద కూర్చుంది. ఇంక దాచి బతకడం ఆమె వల్ల కాలేదు. "చౌకీల చెప్పింది నేనే భాయ్," అంది.

"మాలుమ్. లాఠీ ఎత్తినప్పుడే చెప్పిండ్రు, మీ పక్కింటి సిస్టరమ్మ చెప్పిందని."

"మరి కోటుల ఇమామ్ జామిన్ ఉన్నదని ఎందుకు చెప్పలే? ఏం దాచినవ్ అని అడిగిండ్రంట గదా. చెప్తే ఇడిసిపెడ్తుండె గదా!"

"చెప్తే ఇక్కడికొచ్చి పెట్టె ఇప్పుతుండె. కోటు పట్టుకపోతుండె. పిల్ల బండి పోతుండె." ఆయన ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "నా మీద కోపం లేదా అని అడుగకు. ఉంది. నిన్ను చూస్తే కడుపు మండుతున్నది రోసమ్మా. ఇరవై ఏండ్లు నీ పక్కన బతికిన. గా కోపం నీకు నాకు నడుమ ఉంటది. పిల్లకేం సంబంధం? సూది పట్టు. నా చెయ్యి పనికి రాదు, నువ్వే కుట్టాలె."

ఎన్నేళ్ళయినా ఆయన ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ పిలిచాడు. ఆమె సూది తీసుకుంది. మనుషుల చర్మం కుట్టిన చెయ్యే గానీ, కన్నీళ్ళకు దారం కనిపించలేదు. రూపాయిని ఆకుపచ్చ గుడ్డలో ఆయన చెప్పినట్టు మూడు మడతలు చుట్టింది. "అంత గుంజకు, గుడ్డ ముడత పడతది. చిన్నగ, వడ్లగింజంత. పక్కన... గదే." ఆయన ఎడమచేతి వేలితో చూపిస్తున్నాడు, ఆమె కుడుతోంది. దేవకృప గడపలో నిలబడి చూస్తోంది. చివరి ముడి దగ్గర ఆయన ఆమె చెయ్యి ఆపాడు. "నీ బిడ్డసొంటిది గదా, మంచి మాట అనుకోని ముడి వెయ్యి. ఏ దేవుని పేరు మీదనైన సరే." రోసమ్మ కళ్ళు మూసుకుని ముడి వేసింది. ఆ తర్వాతే ఆయన చెయ్యి చాపాడు. ఆమె రెండు వెదురు బద్దలు పెట్టి వేళ్ళకు కట్టు కట్టింది.

స్టేషన్‌కు అల్లాఉద్దీన్ రాలేదు. కట్టు కట్టిన చేతితో ఆయన వస్తే నలుగురూ చూస్తారు. సిపాయి ట్రంకు పెట్టె తెరిచి, మైనం పోసిన జాడీ వాసన చూసి తుమ్మాడు. తర్వాత దేవకృప తొడుక్కున్న కోటు కేసి చూసి, ఇంత ఉక్కలో ఇదేమిటని హిందీలో అడిగాడు. కోటు విప్పించి చేతులు తడిమాడు. కుడిచేతి దగ్గర అతని వేళ్ళు ఆగాయి.

"యే క్యా హై?"

నిన్నటి రోసమ్మ అయితే తనకేమీ తెలియదనేది. ఇవాళ ఒక అడుగు ముందుకు వేసి, ఇది దారి క్షేమానికి మా అన్న కట్టింది అని వచ్చీరాని హిందీలో గట్టిగా చెప్పింది. "ఇమామ్ జామిన్. మేరే భాయ్ నే బాంధా. రస్తే కే లియే." సిపాయి ఆమె మెడలో సిలువ చూశాడు, మళ్ళీ కోటు చూశాడు. అతను గుండ్రటి అంచు చుట్టూ బొటనవేలితో ఒకసారి తడిమి, కోటు తిరిగి ఇచ్చేసి, వెనక ఉన్నవాణ్ణి పిలిచాడు.

బండి ఏడూ పదికి కదిలింది. దేవకృప కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏడ్చింది. రోసమ్మ కూడా ఏడ్చింది. ఇంటికి నడిచేసరికి దీపాలు పెట్టేశారు. అరుగు మీద తిరిగి నిలబెట్టిన మిషన్ పక్కన అల్లాఉద్దీన్ కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి. అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచాడు.

"కదిలిందా?"

"కదిలింది. ఏడు పది అయింది."

"నేను ఏడింటికే షురూ చేసిన. పర్వలేదు, ఇప్పటిదాక చదువుతనే ఉన్న. మా అమ్మ పద్ధతి గిది. ఇల్లు విడిచిన మనిషి కదిలే గడియకు దువా చదవాలె, అప్పుడే దారి పొడుగూత పనిచేస్తదనేది."

ఏడింటికేనా, సరిగ్గా ఏడింటికేనా అని నాలుగుసార్లు ఎందుకు అడిగాడో రోసమ్మకు ఇప్పుడు అర్థమైంది. అరుగు చివర కూర్చుంది. "షంషీర్ పేరు మీద సుత చదువు భాయ్," అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వాని చేతికి కట్టనే లేదు. ఎట్ల చదవాలె? మేం లేచేసరికి పక్క ఖాళీ. ఏ గడియకు పోయిండో, ఏ దిక్కు పోయిండో మాకు తెల్వదు." మిషన్ చక్రాన్ని ఎడమచేత్తో ఒకసారి తిప్పి ఆపాడు. "పోయెటోడు చెప్పనన్న చెప్పలేదు చెల్లె."

చెల్లె అన్నాడు. తెలియకుండానే అన్నాడో, తెలిసే అన్నాడో!

రోసమ్మ అరుగు చివర నుంచి దగ్గరికి జరిగింది. తర్వాత అంది, "శనివారం. తెల్లారుగట్ల చర్చి గంట అయిదు కొడుతుండె. నేను కిటికీలకెల్లి చూసిన. చౌకీల సుత గదే చెప్పిన. స్టేషన్ దిక్కు పోయిండు."

అల్లాఉద్దీన్ ఆమె వైపు తిరిగాడు.

"నాలుగడుగులు పోయి మళ్ళొచ్చిండు. నీ మిషన్ మీదికి వంగి ఏందో చేసిండు. దాచిండనుకున్న భాయ్. వాడేం దాచలే. అప్పుడే తుంపర మొదలైంది. పొద్దున చూస్తే మిషన్ మీద తడిగుడ్డ ఉండె. వాన పడతదని వాళ్ళ నాయన మిషన్‌కు గుడ్డ కప్పి పోయిండు నీ కొడుకు. గంతే."

"గుడ్డ... సర్దార్ బీ కప్పిందనుకున్న నేను," అన్నాడాయన. కట్టు కట్టిన చెయ్యి మిషన్ మీద పెట్టుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు గడ్డంలోకి దిగాయి. "అయిదు కొట్టినంకనా, కొట్టకముందా?"

"కొడుతుండగ. మూడో గంటకు గుడ్డ కప్పి అరుగు దిగిండు, అయిదో గంటకు మలుపు తిరిగిండు."

ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు, పదిహేడు. ఇంత ఆలస్యంగా చదివితే చేరుతుందా అని ఆమెను అడగలేదు. తల మీద రుమాలు సర్దుకుని స్టేషన్ దిక్కుకు తిరిగి కూర్చున్నాడు. మెల్లగా ఆయన పెదవులు కదలడం మొదలైంది. రోసమ్మ కొంగు తల మీదికి లాక్కుని పక్కనే కూర్చుంది. ఆయన ఏమంటున్నాడో వినడానికి చెవి ఒగ్గలేదు.